ఇంట్లోనే క్లచ్ విప్పి బాగు చేసుకోవడం: ప్లేట్లు, స్ప్రింగులు, బెల్లు గురించి సలహాలు కావాలి

ఓరుగల్లు 150

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఉంటాను. నా 150 సీసీ బండి ఇప్పటికి 68,000 కిలోమీటర్లు తిరిగింది, మొదటి నుంచీ నేనే నడుపుతున్నాను. మొన్న మేడారం జాతరకు భార్యను, బాబును ఎక్కించుకొని వెళ్లినప్పుడు పస్రా దాటిన తరువాత బండ్లు బారులు తీరి, దాదాపు మూడు గంటలు సగం క్లచ్ మీదనే అడుగడుగునా ఆగుతూ పోవలసి వచ్చింది. అప్పటి నుంచి కాజీపేట రైల్వే వంతెన ఎక్కేటప్పుడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతోంది కానీ బండి వేగం అందుకోవడం లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఉదయం పూట దొరికే న్యూట్రల్ కూడా దొరకడం లేదు.

ఎనిమిది నెలల క్రితమే ఒక షాపులో క్లచ్ ప్లేట్లు మార్పించాను. తీసిన పాత సామాను నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. మళ్లీ ఎవరి చేతిలోనో పెట్టి రావడం కంటే ఈసారి నా కళ్లతో చూసి, నా చేత్తో కొలిచి, నేనే బిగించుకోవాలని అనుకుంటున్నాను. పానాల సెట్టు, టీ పానాలు, వెర్నియర్ ఉన్నాయి. విప్పేటప్పుడు ఎలాగూ విప్పుతున్నాను కనుక కొంచెం గట్టి స్ప్రింగులు వేసి క్లచ్‌ను బలపరచుకుంటే ఎలా ఉంటుంది అన్నది కూడా నా ఆలోచన.

లేత్ మాస్టర్, కాజీపేట

తమ్ముడూ, మీరు రెండు వేర్వేరు జబ్బులను ఒకే వాక్యంలో కలిపి చెప్పారు. ముందు వాటిని విడదీసుకోవాలి. ఇంజిన్ తిరుగుతున్నా చక్రానికి శక్తి పూర్తిగా చేరకపోతే దాన్ని జారడం అంటాము. అంటే క్లచ్‌లో ఒకటి విడిచి ఒకటిగా పేర్చిన ఫ్రిక్షన్ ప్లేట్లు (రాపిడి పూత ఉన్నవి), స్టీలు ప్లేట్లు ఒకదానినొకటి గట్టిగా పట్టుకోవడం లేదు. లీవరు పూర్తిగా పట్టినా న్యూట్రల్ దొరకకపోతే, మొదటి గేరులో బండి ముందుకు ఈడ్చుకొని పోతుంటే, అది లాగుడు. అంటే ప్లేట్లు ఒకదానినొకటి పూర్తిగా వదలడం లేదు. మొదటిదానికి అరిగిన ప్లేట్లు, నీరసించిన స్ప్రింగులు, వైరులో వదులు లేకపోవడం, తప్పుడు ఆయిలు కారణాలు. రెండోదానికి వంకరపోయిన స్టీలు ప్లేట్లు, బెల్లు (ప్లేట్లను చుట్టూ పట్టి ఉంచే, వేళ్లున్న గిన్నె) మీద పడ్డ గాట్లు, వైరులో వదులు ఎక్కువ కావడం కారణాలు. ఒకే బండిలో రెండూ ఉన్నాయంటే స్టీలు ప్లేట్లు కాలిపోయి ఉంటాయని నా అనుమానం. గట్టి స్ప్రింగులు వేస్తే జారడం కొంత తగ్గవచ్చు, లాగుడు మాత్రం అలాగే ఉంటుంది. కనుక కొనుగోలు తరువాత, కొలత ముందు.

పరకాల పాలబండి

విప్పకముందు చేయవలసిన పని ఒకటి ఉంది అన్నా. నేను రోజూ రెండు పెద్ద పాల క్యాన్లు కట్టుకొని ఊరూరా ఆగుతూ తిరుగుతాను. రెండేళ్ల క్రితం నా బండి కూడా ఇలాగే జారింది, క్లచ్ పోయిందని ఇద్దరు చెప్పారు. తీరా చూస్తే లీవరు దగ్గర వదులు బొత్తిగా లేదు. ప్లేట్లు అరిగే కొద్దీ వాటిని స్ప్రింగుల బలంతో అదిమే ప్రెషర్ ప్లేటు జరిగి లీవరు దగ్గరి వదులును తినేస్తుంది. వదులు పూర్తిగా అయిపోయిన రోజు నుంచి మనం చెయ్యి వేయకపోయినా ఎవరో లీవరును కొంచెం పట్టి ఉంచినట్టే అవుతుంది. లీవరు చివరన 10 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు ఏ బరువూ లేకుండా కదలాలి. స్కేలు పెట్టి చూడండి, వేలితో అంచనా వేయవద్దు. హ్యాండిలును పూర్తిగా కుడికీ ఎడమకూ తిప్పి రెండు వైపులా చూడాలి, ఎందుకంటే ఒక వైపు తిప్పినప్పుడు వైరు బిగుసుకుపోయే బండ్లు చాలా ఉన్నాయి.

గోదావరిఖని ఇంజిన్

ఆయిలు డబ్బా మీద ఏమి రాసి ఉందో చూసి చెప్పండి. మన బండ్ల క్లచ్ ఇంజిన్ ఆయిలులోనే మునిగి పనిచేస్తుంది. అదే ఆయిలు పిస్టన్ దగ్గర రాపిడిని తగ్గించాలి, క్లచ్ ప్లేట్ల మధ్య మాత్రం పట్టును నిలపాలి. కార్ల కోసం చేసిన పలుచటి ఆయిళ్లలో ఇంధనం ఆదా కావడానికి రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, అవి మన ప్లేట్ల పట్టును చెడగొడతాయి. అందుకనే జపాన్ వారు 1998లో మోటారు సైకిళ్ల ఆయిలుకు విడిగా జాసో ప్రమాణం పెట్టారు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్‌కు పనికివస్తుంది. ఎంబీ అని ఉన్నది స్కూటర్లకు, గేర్ల బండిలో పోయకూడదు. మా దగ్గర గనుల్లో షిఫ్టుకు పోయే ఒకాయన, కారులో మిగిలిన అర లీటరు ఎందుకు పారేయాలని బండిలో పోసుకున్నారు. వారం తిరగకముందే ఐదో గేరులో జారడం మొదలైంది. ఆయిలు మార్చి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక పట్టు మళ్లీ వచ్చింది. ఆ ప్లేట్లు అప్పటికి కాలిపోలేదు కనుక బతికిపోయాయి.

ఓరుగల్లు 150

చెప్పినవన్నీ చూశాను. లీవరు వదులు 4 మిల్లీమీటర్లే ఉంది, 15కు సరిచేశాను. ఆయిలు డబ్బా మీద ఎంఏ2 అని ఉంది, బండి మాన్యువల్ చెప్పిన గ్రేడే. వదులు సరిచేసిన తరువాత ఉదయం పూట కొంత నయంగా అనిపించింది కానీ, హంటర్ రోడ్డు వైపు వెళ్లి నాలుగో గేరులో 40 వేగం మీద ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పి చూస్తే మోత ముందు లేచింది, బండి తరువాత కదిలింది. ఆయిలు గేజి కడ్డీని వాసన చూస్తే మాడిన వాసన స్పష్టంగా ఉంది. ఆదివారం విప్పుతాను. ఇదివరకు విప్పినవారు ఎవరైనా క్రమం చెప్పగలరా?

నయీంనగర్ బాల్కనీ

నేను అపార్టుమెంటు బాల్కనీలోనే రెండుసార్లు విప్పి బిగించాను తమ్ముడూ, కనుక స్థలం గురించి భయపడకండి. వెలుతురు, పాత దుప్పటి, ఒక వెడల్పాటి పళ్లెం, తొందరలేని ఒక పూట ఉంటే చాలు.

ముందుగా ఒక అట్టముక్క తీసుకొని దాని మీద కుడివైపు క్లచ్ కవరు ఆకారం గీయండి. కవరు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. ఏ బోల్టును ఎక్కడి నుంచి తీశారో అట్టమీద సరిగ్గా అక్కడే గుచ్చండి. పొడవు బోల్టును పొట్టి రంధ్రంలో బిగిస్తే క్రాంక్ కేసు పగులుతుంది, పొట్టిదాన్ని పొడవు రంధ్రంలో వేస్తే రెండు చుట్లమీదే ఆగి అల్యూమినియం మరలు ఊడిపోతాయి. బండిని ఎడమవైపు బాగా వాల్చి ఆయిలు తీయకుండానే కవరు విప్పేవారు ఉన్నారు. మీ ఆయిలు మాడింది కనుక మీరు మాత్రం ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నప్పుడే పూర్తిగా దించేయండి. దించిన ఆయిలును మోరీలో పోయవద్దు. డబ్బాలో పట్టి, పాత ఆయిలు పీపాలో నిలవ చేసే షాపులో ఇవ్వండి.

కవరు రాకపోతే స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తవద్దు. అంచు మీద పడే ఒక్క గీత రేపటి ఆయిలు లీకు. రబ్బరు సుత్తితో చుట్టూ తట్టితే వదులుతుంది. వచ్చేటప్పుడు కవరును సరిగ్గా తన చోట కూర్చోబెట్టే రెండు డోవెల్ పిన్నులు కవరుతో వచ్చాయా, ఇంజినులోనే ఉన్నాయా అని లెక్క చూసుకోవాలి. పాత ప్యాకింగును ఆయిలు పోసి నానబెట్టి, ప్లాస్టిక్ ముక్కతో గీరి తీయండి, బ్లేడు వాడితే చాలా పడుకోబెట్టి వాడండి.

తరువాత స్ప్రింగు బోల్టులు. వీటిని ఒక్కొక్కటిగా పూర్తిగా తీయకూడదు. ఎదురెదురుగా ఉన్నవాటిని అర చుట్టు, అర చుట్టు చొప్పున వదులు చేస్తూ పోవాలి, లేకపోతే ప్లేటు ఒక పక్కకు ఒరిగి ఆ బోల్టులు దిగే స్తంభాలు విరుగుతాయి. కొన్ని బండ్లలో ఇక్కడితో ప్లేట్లు చేతికి వస్తాయి. ప్రెషర్ ప్లేటు లోపలి వైపున ఉండే బండ్లలో మధ్య నట్టు తీసి హబ్బును (ప్లేట్ల నడుమ ఉండే భాగాన్ని) బయటకు లాగాల్సిందే. ఆ నట్టు తీయడానికి క్లచ్ తిరగకుండా పట్టుకునే పరికరం కావాలి. గేర్ల పళ్ల మధ్య స్క్రూడ్రైవరు పెట్టి ఆపడం మీరు ఎక్కడైనా చూసి ఉంటే దాన్ని మరిచిపోండి, పన్ను విరిగితే ఇంజిన్ మొత్తం విప్పాలి. పాత ఫ్రిక్షన్ ప్లేటును, పాత స్టీలు ప్లేటును కలిపి వెల్డు చేయించి, దానికి ఒక పట్టీ అతికిస్తే చక్కని పరికరం అవుతుంది. నట్టు కింది వాషరు ఏ ముఖం బయటకు ఉందో ఫోటో తీసుకోండి. తీసిన ప్రతి ప్లేటునూ తీసిన వరుసలోనే ఒక తీగకు గుచ్చండి. చివరి ఫ్రిక్షన్ ప్లేటు కొన్ని బండ్లలో మిగతావాటి గాడిలో కాకుండా పక్క గాడిలో కూర్చుంటుంది, ఆ సంగతి విప్పేటప్పుడు చూసుకోకపోతే బిగించేటప్పుడు తెలియదు.

ఓరుగల్లు 150

అక్కా, మీ అట్టముక్క సలహా ఒక్కటే నాకు సగం ధైర్యం ఇచ్చింది. ఈరోజు విప్పాను. మధ్య నట్టు కోసం మా వీధి వెల్డింగ్ షాపులో మీరు చెప్పిన పరికరమే చేయించుకున్నాను.

చూసినవి చూసినట్టు రాస్తున్నాను. ఫ్రిక్షన్ ప్లేట్లు ఐదు. వెర్నియరుతో ఒక్కో ప్లేటును నాలుగు చోట్ల కొలిస్తే 2.55, 2.6, 2.6, 2.65, 2.6 మిల్లీమీటర్లు వచ్చాయి, ఈరోజే కొన్న కొత్త కంపెనీ ప్లేట్లు ఒక్కొక్కటి 3.0 ఉన్నాయి. మాన్యువల్ ఇచ్చిన చివరి హద్దు 2.6. స్టీలు ప్లేట్లు నాలుగు, అందులో రెండింటి మీద నెమలి మెడ రంగులో నీలి మచ్చలు ఉన్నాయి. పాత టీవీ స్టాండు అద్దం మీద పడుకోబెట్టి అంచు కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచటి రేకుల సెట్టు) దూరిస్తే ఆ రెండింటి కిందికి 0.2 మిల్లీమీటర్ల రేకు సులువుగా పోయింది, 0.3 కూడా కాస్త బలవంతంగా పోయింది. స్ప్రింగులు నాలుగింటినీ అద్దం మీద కొత్త స్ప్రింగు పక్కన నిలబెడితే మూడు ఒక మిల్లీమీటరు లోపు పొట్టిగా, ఒకటి మాత్రం మిల్లీమీటరున్నర పొట్టిగా ఉన్నాయి. బెల్లు వేళ్ల మీద వేలితో నిమిరితే తగిలే గాట్లు ఉన్నాయి. గోరు ఆగుతోంది.

ఎనిమిది నెలల్లోనే ఇంత అరుగుదల ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

లేత్ మాస్టర్, కాజీపేట

మీ కొలతల్లోనే జవాబు ఉంది తమ్ముడూ. పాత ఐదు ప్లేట్లను కలిపితే 13.0 మిల్లీమీటర్లు, కొత్తవి 15.0. అంటే దొంతి మొత్తం రెండు మిల్లీమీటర్లు పలచబడింది. దొంతి పలచబడితే స్ప్రింగు అంత మేరకు సాగుతుంది. బిగించినప్పుడు స్ప్రింగు 10 మిల్లీమీటర్లు నొక్కుకొని ఉండాలనుకుందాం. ఇప్పుడు 8 మాత్రమే నొక్కుకొని ఉంది. స్ప్రింగు బలం నొక్కుకున్న దూరాన్ని బట్టి ఉంటుంది కనుక, ప్లేట్లను అదిమే బలం అక్కడే ఐదో వంతు పోయింది. దాని మీద స్ప్రింగే పొట్టిబడితే ఇంకొంత పోతుంది. పోయినసారి కొత్త ప్లేట్లు వేసి, పాత స్ప్రింగులు, పాత స్టీలు ప్లేట్లు అలాగే ఉంచి ఉంటారని నేను అనుకుంటున్నాను. అప్పుడు కొత్త ప్లేట్లు మొదటి రోజు నుంచే కొద్దికొద్దిగా జారుతాయి. జారితే వేడెక్కుతాయి, వేడెక్కితే స్టీలు వంకరపోతుంది, ఆ వంకర కొత్త ప్లేటును ఆకురాయిలా గీస్తుంది. జాతర దారి దాన్ని పూర్తి చేసింది, అంతే.

మన వాళ్లు క్లచ్ ప్లేట్లు అంటే నల్లగా ఉండే ఫ్రిక్షన్ ప్లేట్లనే లెక్కపెడతారు. స్టీలు ప్లేటుకు అరుగుదల లేదనుకుంటారు. నేను ముప్పై ఏళ్లుగా లేత్ మీద చూస్తున్నది మాత్రం, త్వరగా తిరిగివచ్చే క్లచ్ పనుల్లో ఎక్కువ భాగం స్టీలు ప్లేట్లూ స్ప్రింగులూ మార్చకుండా వదిలేసినవే.

ఇక బెల్లు సంగతి. ప్లేట్ల పళ్లు ఆ వేళ్లను కొట్టీ కొట్టీ గాట్లు చేస్తాయి. లీవరు పట్టినప్పుడు ప్లేటు ఆ గాటులో చిక్కుకొని పక్కకు జరగదు. మీకు న్యూట్రల్ దొరకకపోవడానికి వంకరపోయిన స్టీలుతో పాటు ఇదీ కారణం. సన్నని చదును ఆకురాయితో వేళ్లన్నింటినీ సమానంగా, గాటు అంచు మాత్రమే పోయేలా గీయవచ్చు. గాటు అడుగు కనిపించకుండా పోయే వరకు గీస్తే వేలికీ ప్లేటు పన్నుకూ మధ్య సందు పెరిగి, కొత్త గాట్లు ఇంకా త్వరగా పడతాయి. గోరు ఆగే గాటైతే గీయవచ్చు. గోరు పూర్తిగా దూరి కూర్చునే గాటైతే బెల్లు మార్చాలి. గీసిన తరువాత బెల్లును డీజిలుతో రెండుసార్లు కడగండి, ఆ అల్యూమినియం పొడి ఆయిలు పంపులోకి పోకూడదు. అలాగే బెల్లును చేత్తో పట్టి దాని గేరును అటూ ఇటూ తిప్పి చూడండి. వెనక ఉండే కుషన్ స్ప్రింగులు వదులైతే టకటకమని ఆడుతుంది.

జనగామ పత్తిబండి

పెద్దవారి మాటకు అడ్డం రావడం కాదు కానీ, గట్టి స్ప్రింగులకు నేను అనుకూలం. మా పొలం నుంచి ఎనుమాముల మార్కెట్టుకు వెనక బస్తా కట్టుకొని పోతాను. 15 శాతం గట్టి స్ప్రింగులు వేసిన తరువాత ఎత్తు మీద జారడం అన్న మాటే లేదు.

లేత్ మాస్టర్, కాజీపేట

మీ అవసరం నిజమైనదే అన్నా, బరువు మోసే బండికి దాన్ని నేను కాదనను. క్లచ్ ఎంత శక్తిని మోయగలదన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది: రాసుకునే ముఖాల సంఖ్య, వాటి పట్టు, అదిమే బలం, ప్లేటు వ్యాసం. ఓరుగల్లు తమ్ముడి బండిలో ఐదు ప్లేట్లకు పది ముఖాలు. ముఖాలూ వ్యాసమూ మనం మార్చలేము, పట్టు ప్లేటు నాణ్యతను, ఆయిలును బట్టి ఉంటుంది, మిగిలింది స్ప్రింగు ఒక్కటే. 15 శాతం గట్టి స్ప్రింగు వేస్తే మోసే శక్తి 15 శాతం పెరుగుతుంది, లీవరు బరువు కూడా అంతే పెరుగుతుంది. వైరు మీద, లోపలి బేరింగు మీద ఆ భారం రోజూ పడుతుంది. హన్మకొండ చౌరస్తాలో సాయంత్రం ఆరు గంటలకు యాభై సార్లు క్లచ్ పట్టేవారికి మణికట్టు నొప్పి తప్ప ప్రయోజనం ఉండదు. ఇంజిన్ శక్తి పెంచనప్పుడు, బరువులు కట్టనప్పుడు, కంపెనీ స్ప్రింగే చాలు. రెండు గట్టివి, రెండు మామూలువి కలిపి వేసే వారూ ఉన్నారు. అది మాత్రం ఎవరూ చేయవద్దు, ప్రెషర్ ప్లేటు ఒరిగి లేస్తుంది, మొదటి గేరులో బండి వణుకుతుంది.

లీవరు తేలిక కావాలని ఇంజిన్ పక్కన వైరు లాగే ఆర్మును పొడవు చేయమని నా దగ్గరికి వస్తుంటారు. 40 మిల్లీమీటర్ల ఆర్మును 46 చేస్తే చేతి బరువు సుమారు 13 శాతం తగ్గుతుంది, ప్లేట్లు విడిపోయే దూరం కూడా సరిగ్గా అంతే తగ్గుతుంది. లాగుడు ఉన్న బండికి అది కొత్త కష్టం.

మంచిర్యాల రైడర్

అన్నా, నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. 2018లో వచ్చిన యమహా ఆర్15 మూడో వెర్షన్‌లో అసిస్ట్, స్లిప్పర్ క్లచ్ ఉంది కదా. దాన్నే ఈ బండిలో వేసుకుంటే లీవరు తేలికవుతుంది, బలమూ పెరుగుతుంది కదా?

నయీంనగర్ బాల్కనీ

అసిస్ట్ క్లచ్‌లో హబ్బు రెండు ముక్కలుగా ఉండి మధ్యలో ఏటవాలు మెట్లు ఉంటాయి. ఇంజిన్ లాగుతున్నప్పుడు ఆ మెట్లు ప్లేట్లను ఇంకా గట్టిగా అదుముతాయి కనుక మెత్తటి స్ప్రింగులతో పని జరుగుతుంది, లీవరు తేలికవుతుంది. వేగంగా గేరు దించినప్పుడు ఎదురు మెట్లు ప్లేట్లను కొంచెం వదులుతాయి, వెనక చక్రం గెంతదు. ఆలోచన మంచిదే తమ్ముడూ. కానీ బెల్లు పళ్ల సంఖ్య, షాఫ్టు మీది గాళ్లు, కవరు లోపలి లోతు, అన్నీ సరిపోవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఇంట్లో కూర్చుని సరిచేయగలిగేది కాదు. చేయి తేలిక కావాలంటే ముందు వైరు చూడండి. వైరును లీవరు దగ్గర ఊడదీసి, పాల ప్యాకెట్టు కవరు మూలను కత్తిరించి గరాటులా కట్టి, అందులో పలుచటి ఆయిలు పోసి రాత్రంతా వేలాడదీస్తే కింది చివర నల్లటి చుక్కలు కారుతాయి. తేట చుక్కలు వచ్చేదాకా పోయండి. లోపల నైలాన్ గొట్టం ఉన్న వైరు అయితే ఆయిలు అవసరం లేదు, అరిగితే మార్చడమే. ఒక్క పోగు తెగినా మార్చాలి.

ఓరుగల్లు 150

పని పూర్తయింది. కంపెనీవే ఐదు ఫ్రిక్షన్ ప్లేట్లు, నాలుగు స్టీలు ప్లేట్లు, నాలుగు స్ప్రింగులు, వైరు, ప్యాకింగు, కిక్కు షాఫ్టు సీలు వేశాను. గట్టి స్ప్రింగుల ఆలోచన మానుకున్నాను. ఫ్రిక్షన్ ప్లేట్లను రాత్రంతా కొత్త ఇంజిన్ ఆయిలులో నానబెట్టాను. పొద్దున తీసి చూస్తే పైన మట్టిరంగులో ఉన్నవి ముదురు రంగుకు తిరిగి, చేతికి జిడ్డుగా, బరువుగా తగిలాయి. బెల్లు వేళ్లను చదును ఆకురాయితో ఒక్కోదానికి పది గీతల చొప్పున లెక్కపెట్టి గీశాను. ఏ వేలికీ ఎక్కువ తక్కువ కాకూడదని భార్య పక్కన కూర్చుని లెక్క చెప్పింది.

ఒక పొరపాటు జరిగింది, మరొకరికి జరగకూడదని రాస్తున్నాను. స్ప్రింగు బోల్టులు ఆరు మిల్లీమీటర్ల మరలవి, మాన్యువల్ 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు చెప్పింది. మొదటి మూడింటినీ టార్క్ పానాతో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించి, నాలుగోదానికి అలవాటుగా మామూలు పానా పెట్టాను. చివర్లో అది చేతికి మెత్తగా తగిలింది, వెంటనే ఆపేశాను. స్తంభంలోని మర సగం లేచిపోయింది. హబ్బును ఎదురుగా పెట్టుకొని చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. మరునాడు కాజీపేటకు తీసుకువెళ్తే మాస్టరు గారు ఆ మరను చూసి, సాగిన మరలో హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేస్తే సరిపోతుంది కానీ తిరిగే భాగంలో ఆ సాహసం వద్దని చెప్పి, కొత్త హబ్బు కొనమన్నారు. కొన్నాను.

బిగించిన తరువాత లీవరు పట్టి ప్రెషర్ ప్లేటు అన్ని వైపులా సమానంగా లేస్తోందో లేదో కవరు మూసే ముందే చూసుకున్నాను. ప్యాకింగుకు సిలికాన్ పూయలేదు. ఎక్కువ పూస్తే లోపలికి పిండుకొని ఆయిలు జల్లెడకు అడ్డం పడుతుందని అక్క ఇదివరకే మరొకరికి చెప్పిన మాట గుర్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసి గేరు వేస్తే చప్పుడు లేకుండా పడింది. వేడెక్కాక కూడా చౌరస్తాలో ఒక్క వేలితో న్యూట్రల్ దొరికింది. కాజీపేట వంతెన మీద నాలుగో గేరులో యాక్సిలరేటర్ తిప్పితే మోతా, వేగమూ ఒక్కసారే లేచాయి.

పరకాల పాలబండి

చాలా సంతోషం అన్నా. మొదటి 500 కిలోమీటర్లు సగం క్లచ్ మీద ఎక్కువసేపు ఉంచవద్దు, ప్లేట్లు ఒకదానితో ఒకటి కుదురుకుంటాయి. ఆ తరువాత లీవరు వదులు మళ్లీ స్కేలుతో కొలిచి ఇక్కడ రాయండి.

ఓరుగల్లు 150

620 కిలోమీటర్లు తిరిగాక ఈరోజు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కొలిచాను. 15 మిల్లీమీటర్లు పెట్టినది 19 అయింది. కొత్త వైరు సాగినట్టుంది. మళ్లీ 15కు తెచ్చాను. కవరు అంచున ఆయిలు చెమ్మ లేదు.